నోరెండితే ఎండదేనా తప్పు?

కంబదూరు వాళ్లకి ఎండను పరిచయం చేయనక్కర్లేదు. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే సగటు వర్షం దాదాపు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వానలు పడే జిల్లాగా దానికి పేరు పడిపోయింది. కళ్యాణదుర్గం దాటి కంబదూరు మండలంలో అడుగుపెడితే ఎర్రనేలలు, రాళ్లగుట్టలు, చినుకు కోసం ఎదురుచూసే వేరుశెనగ చేలు. చెరువు ఎండింది, బోరు ఎండింది, పైరు ఎండింది... అక్కడ 'ఎండటం' అన్నది రోజూ వినిపించే మాట. అలాంటి చోట ఓ ఆడమనిషి 'నోరెండిపోతాంది' అంటే ఎవరు పట్టించుకుంటారు? 'ఎండలిట్ల మండిపోతాంటే నోరెండక ఏం జేస్తాదమ్మా' అంటారు. అంతటితో ఆ మాట అయిపోతుంది.

కానీ కొందరికి వానాకాలంలోనూ నోరు ఎండుతుంది. చలికాలం తెల్లవారుజామునా ఎండుతుంది. కడుపు నిండా నీళ్లు తాగినా ఎండుతుంది. ఆ కరవు పొలంలోది కాదు, ఒంట్లోది. దాని పేరు షోగ్రెన్స్ వ్యాధి. పేరు నోరు తిరగనిదే, జబ్బు మాత్రం అంత అరుదైనదేం కాదు. దీని విచిత్రం ఏమిటంటే, ఆడవాళ్లకు ఒక ముఖం చూపిస్తుంది, మగవాళ్లకు ఇంకో ముఖం చూపిస్తుంది. ఇద్దరి విషయంలోనూ ఆలస్యంగానే దొరుకుతుంది. ఆ ఆలస్యానికి కారణాలు మాత్రం వేరు.

బొరుగులు దిగవు... కారం ఓర్వలేరు

ఈ జబ్బు ఇంట్లోకి ఎలా వస్తుందో అర్థం కావాలంటే, ఆ ప్రాంతంలో నలభై అయిదేళ్ల రైతు ఇల్లాలినొకరిని ఊహించుకోండి. ఒకప్పుడు పొద్దున్నే ఉగ్గాని ఇష్టంగా తినేది. ఇప్పుడు బొరుగులు అంగిలికి అతుక్కుపోతున్నాయి. పక్కన నీళ్ల చెంబు లేనిదే ముద్ద దిగదు. సంకటి ఫర్వాలేదు, పులుసులో ముంచితే జారిపోతుంది. జొన్నరొట్టె అయితే నమిలీ నమిలీ దవడలు నొప్పెడతాయి. ఊరుబిండి నాలుకకు తగిలితే చాలు, మంట. రుబ్బింది ఆమే, మిరపకాయలు ఎప్పటివే. ఇంట్లో మిగతావాళ్లేమో 'ఈమధ్య కారం తగ్గించినావే' అంటున్నారు.

రాత్రి రెండు మూడుసార్లు లేచి నీళ్లు తాగుతుంది. తాగినందుకు ఇంకోసారి లేవాల్సి వస్తుంది. కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర. ఉల్లిపాయలు తరిగినా నీళ్లు రావు. వేళ్ల కీళ్లలో నొప్పి. ఏం పని చేయకపోయినా తీరని అలసట. అప్పుడప్పుడూ చెవి కింద, దవడ దగ్గర వాపు వస్తుంది, నాలుగు రోజులకు తగ్గుతుంది. పళ్లు ఒకటొకటే చిగురు దగ్గర నల్లబడి, పుచ్చి, విరిగిపోతుంటాయి.

ఒక్కో బాధకూ ఇంట్లో ఒక్కో జవాబు సిద్ధంగా ఉంటుంది. కళ్లకి దుమ్ము. కీళ్లకి కలుపు పని. అలసటకి వయసు. రాత్రి దాహానికి 'షుగరేమో చూపించుకో'. చూపించుకుంటే షుగర్ ఉండదు. ఇక పళ్ల సంగతంటారా, అనంతపురం పల్లెల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది అందరికీ తెలిసిందే. కాబట్టి తప్పు నీళ్ల మీదకి పోతుంది. నిజానికి రెంటికీ తేడా ఉంది. ఫ్లోరైడ్ వల్ల చిన్నప్పుడే పళ్ల మీద తెల్లటి, గోధుమరంగు మచ్చలు పడతాయి. నలభై ఏళ్లు గట్టిగా ఉన్న పళ్లు రెండు మూడేళ్లలో చిగుళ్ల దగ్గర పుచ్చి రాలుతున్నాయంటే అనుమానించాల్సింది లాలాజలాన్ని.

అన్నీ విడివిడి జవాబులే. ఒక్కొక్కటీ నమ్మదగ్గదే. అన్నిటినీ కలిపి ఒకే ప్రశ్నగా అడిగేవాళ్లే ఉండరు.

ఉమ్మే కదా అనుకోకండి!

లాలాజలం విలువ అది పోయినప్పుడే తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి నోట్లో రోజుకు అరలీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. చెవుల ముందు, దవడ ఎముక కింద, నాలుక కింద మూడు జతల పెద్ద గ్రంథులుంటాయి. ఇవికాక పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో వందలాది చిన్న గ్రంథులు. తిన్నదాన్ని తడిపి జారేలా చేయడం, రుచిని నాలుకకు అందించడం, పళ్లను తినేసే ఆమ్లాన్ని కడిగేయడం, పంటి పై పొరకు కావలసిన క్యాల్షియాన్ని మళ్లీ అందించడం, నోట్లో బూజును అదుపులో ఉంచడం... ఇవన్నీ దాని పనులే. అందుకే లాలాజలం తగ్గితే పళ్లు పుచ్చుతాయి, నాలుక ఎర్రబడి నున్నగా అవుతుంది, పెదవుల మూలలు పగులుతాయి, కారం కత్తిలా కోస్తుంది.

షోగ్రెన్స్‌లో జరిగేది ఇదీ. బయటి క్రిముల మీద పోరాడాల్సిన తెల్లరక్తకణాలు దారి తప్పుతాయి. లాలాజల గ్రంథుల్లో, కన్నీటి గ్రంథుల్లో సన్నటి నాళాల చుట్టూ గుంపులు గుంపులుగా చేరతాయి. గ్రంథిని మెల్లగా పనిచేయకుండా చేస్తాయి. కాపలాకని పెట్టుకున్నవాడే ఇంటికి కన్నం వేసినట్టన్నమాట. ఇలాంటి జబ్బులనే ఆటోఇమ్యూన్ వ్యాధులంటారు. కీళ్లవాతం, లూపస్ కూడా ఈ కుటుంబంలోవే. షోగ్రెన్స్ ఒంటరిగా రావచ్చు, వాటితో కలిసీ రావచ్చు.

మొదట కనిపించింది మగాడిలో!

1933లో స్వీడన్‌కు చెందిన కంటి డాక్టరు హెన్రిక్ షోగ్రెన్ ఓ పరిశోధన గ్రంథం రాశారు. అందులో 19 మంది రోగుల వివరాలున్నాయి. అందరూ ఆడవాళ్లే. వాళ్లలో 13 మందికి కీళ్ల జబ్బు కూడా ఉంది. కళ్లు ఎండటం, నోరు ఎండటం, కీళ్లు నొప్పెట్టడం మూడు వేర్వేరు బాధలు కావనీ, ఒకే జబ్బు అనీ ఆయన చెప్పారు. ఆ గ్రంథానికి అప్పట్లో పెద్ద గుర్తింపేమీ రాలేదు. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే అర్హతకు కావలసినంత శ్రేణి కూడా దక్కలేదు. 1943లో ఆస్ట్రేలియా కంటి డాక్టరొకరు ఇంగ్లిషులోకి అనువదించాక గానీ ప్రపంచం దాన్ని పట్టించుకోలేదు. ఆయన పుట్టినరోజు జులై 23నే ఇప్పుడు ప్రపంచ షోగ్రెన్స్ దినంగా జరుపుతున్నారు.

అంతకు నలభై ఏళ్ల ముందే మరో సంగతి జరిగింది. యోహాన్ మికులిచ్ అనే శస్త్రవైద్యుడు 1892లో ఓ రోగి గురించి రాశారు. తూర్పు ప్రష్యాకు చెందిన 42 ఏళ్ల రైతు. మగాడు. కన్నీటి గ్రంథులు, లాలాజల గ్రంథులు రెండు వైపులా ఉబ్బిపోయాయి. 1953లో మోర్గాన్, కాజిల్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు ఇలాంటి గ్రంథుల ముక్కలను సూక్ష్మదర్శినిలో చూసి, మికులిచ్ చెప్పిందీ షోగ్రెన్ చెప్పిందీ ఒకటేనని తేల్చారు. అర్ధశతాబ్దం పాటు వైద్య పుస్తకాలు అదే చెప్పాయి.

2000 తర్వాత కథ మళ్లీ మారింది. జపాన్ పరిశోధకులు గ్రంథులు ఉబ్బిన కొందరు రోగుల రక్తంలో 'ఐజీజీ4' అనే ప్రతిరక్షకం బాగా ఎక్కువగా ఉందని గమనించారు. అది వేరే జబ్బని, షోగ్రెన్స్ కాదని తేలింది. మొత్తంగా చూస్తే నడివయసు దాటిన మగవాళ్లలో ఎక్కువ కనిపించే జబ్బది. స్టెరాయిడ్లకు త్వరగా లొంగుతుంది, క్లోమం, మూత్రపిండాల లాంటి చోట్లకూ పాకుతుంది. కాబట్టి చెవుల కింద ఉబ్బిన ఆడమనిషికి, మగమనిషికి డాక్టరు వేసే మొదటి లెక్క ఒకటే కానక్కర్లేదు. పేరు సరిగ్గా పెట్టకపోతే మందూ సరిగ్గా పడదు.

ఆడవాళ్లకే ఎందుకింత?

షోగ్రెన్స్ రోగుల్లో ఒక మగాడికి తొమ్మిది మంది ఆడవాళ్లు. వేల మంది రోగుల వివరాలను పలు దేశాల నుంచి కూర్చి చూసినప్పుడు నూటికి 93 మంది స్త్రీలే. ఎక్కువగా నలభై దాటాక, నెలసరి ఆగే వయసుకు అటూఇటూగా బయటపడుతుంది. దీనికి శాస్త్రవేత్తలు వెతికిన జవాబులు ముఖ్యంగా రెండు.

మొదటిది ఎక్స్ క్రోమోజోమ్. ఆడవాళ్లకు రెండుంటాయి, మగవాళ్లకు ఒకటే. రోగనిరోధక వ్యవస్థను నడిపే జన్యువులు కొన్ని దీని మీదే ఉన్నాయి. రెండూ ఒకేసారి పనిచేస్తే మోతాదు ఎక్కువవుతుందని, ప్రతి కణంలోనూ ఒకదాన్ని ప్రకృతి నిద్రపుచ్చుతుంది. కానీ కొన్ని జన్యువులు పూర్తిగా నిద్రపోవు. 2016లో వచ్చిన అధ్యయనాలు ఈ లెక్కను బలపరిచాయి. పుట్టుకతోనే ఒక ఎక్స్ అదనంగా ఉండే మగవాళ్లలో ఈ జబ్బు మామూలు మగవాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మూడు ఎక్స్‌లున్న స్త్రీలలో మామూలు స్త్రీలకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. 2024లో స్టాన్‌ఫోర్డ్ శాస్త్రవేత్తలు ఇంకో మెట్టు ఎక్కారు. ఎక్స్‌ను నిద్రపుచ్చే 'ఎగ్జిస్ట్' అనే అణువు, దానికి అంటుకునే ప్రొటీన్లు కలిసి రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడతాయని, ఆ అణువును మగ ఎలుకల్లో పెడితే వాటికీ లూపస్ లాంటి జబ్బు ముదురుతుందని చూపించారు. ఆడ శరీరం సమతూకం కోసం చేసుకున్న ఏర్పాటే కొందరికి ఇలా ఎదురుతిరుగుతోంది.

రెండోది హార్మోన్లు. లాలాజల గ్రంథి ఆరోగ్యానికి పురుష హార్మోను కూడా కావాలి. మగవాళ్లకు అది వృషణాల నుంచి పుష్కలంగా అందుతుంది. ఆడవాళ్ల గ్రంథులు మాత్రం రక్తంలో తిరిగే 'డీహెచ్ఈఏ' అనే ముడిసరుకును తీసుకుని తమకు కావలసినంత తామే తయారుచేసుకోవాలి. వయసుతో ఆ ముడిసరుకు తగ్గుతుంది. షోగ్రెన్స్ రోగుల్లోనైతే గ్రంథికి దాన్ని మార్చుకునే శక్తి కూడా తగ్గుతుందని ఫిన్లాండ్ పరిశోధకులు గుర్తించారు. అసలే ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్ల గ్రంథులు చిన్నవి, ఊరే లాలాజలమూ కాస్త తక్కువే. చిన్న చెరువు ముందుగా ఎండినట్టే ఇదీ.

అలాగని ఆడ శరీరం అన్నిట్లోనూ బలహీనమనుకుంటే పొరపాటు. ఈ జబ్బును అధ్యయనం చేయడానికి వాడే 'ఎన్ఓడీ' జాతి ఎలుకల్లో ఓ వింత ఉంది. ఆడ ఎలుకలకు లాలాజల గ్రంథులు ఎక్కువగా దెబ్బతింటాయి. మగ ఎలుకలకు కన్నీటి గ్రంథులు ఎక్కువగా దెబ్బతింటాయి. జబ్బు ఒకటే, జాతి ఒకటే. ఆడదా మగదా అన్నదాన్ని బట్టి గురిపెట్టే గ్రంథి మారిపోతోంది!

మగవాళ్ల సంగతేంటి?

మగవాళ్లకు ఈ జబ్బు తక్కువగా వస్తుంది. అయితే వస్తే తేలిగ్గా ఉంటుందని కాదు. చాలా అధ్యయనాల్లో తేలిందేమిటంటే, ఆడవాళ్లలో ఎండిపోవడం ముందుంటుంది, మగవాళ్లలో మిగతా అవయవాలు ముందుంటాయి. లాలాజల గ్రంథి ఉబ్బటం, మెడలో గడ్డలు, ఊపిరితిత్తులు దెబ్బతిని వచ్చే దగ్గు, ఆయాసం, నరాలు దెబ్బతిని వచ్చే తిమ్మిర్లు మగ రోగుల్లో ఎక్కువ. కంబదూరు నుంచి బెంగళూరుకు కట్టడం పనికి వెళ్లిన మనిషికి దగ్గొస్తే సిమెంటు దుమ్మంటారు. కాళ్లు తిమ్మిరెక్కితే నిలబడి చేసే పని అంటారు. 'ఇది ఆడవాళ్ల జబ్బు' అనే ముద్ర డాక్టరు మనసులోనూ ఉంటే ఇక ఆ పరీక్షే రాయరు.

అలా ఆడవాళ్ల బాధ మరీ మామూలుగా కనిపించి మరుగున పడుతుంది. మగవాళ్ల బాధ అసలు ఆ జబ్బులాగే కనిపించక మరుగున పడుతుంది.

వాళ్లు చెప్పరు... మనం అడగం

వేలూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాల ఆసుపత్రికి రాయలసీమ నుంచి వెళ్లేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే. అక్కడి డాక్టర్లు 2015లో 332 మంది షోగ్రెన్స్ రోగుల వివరాలు ప్రచురించారు. అందులో ఓ అంకె దగ్గర ఆగి ఆలోచించాలి. ఆసుపత్రికి వచ్చినప్పుడు 'నాకు నోరెండుతోంది, కళ్లెండుతున్నాయి' అని తమంతట తాముగా చెప్పినవాళ్లు పదిమందిలో ఒకరు కూడా లేరు. ఈ జబ్బుకు ముఖ్య లక్షణమే అది! పాశ్చాత్య దేశాల్లో కంటే మన రోగుల్లో జబ్బు చిన్న వయసులోనే మొదలవుతోందని, స్త్రీల నిష్పత్తి ఇంకా ఎక్కువని కూడా వాళ్లు గమనించారు.

మరి ఎందుకు చెప్పలేదు? కీళ్లు నొప్పెడితే పని ఆగుతుంది, అందుకని చెబుతారు. నోరెండితే పని ఆగదు. చెంబు పక్కన పెట్టుకుని పని చేసుకుపోవచ్చు. అందరి తర్వాత తినే ఇల్లాలు ముద్ద ముద్దకీ నీళ్లు తాగుతోందని ఎవరూ చూడరు కూడా. ఇక మర్మావయవాల దగ్గర పొడిబారడం, దాంపత్యంలో నొప్పి కూడా ఈ జబ్బులో భాగమే. ఆ మాట కట్టుకున్నవాడికే చెప్పుకోలేని ఇల్లాళ్లు డాక్టరుకు ఏం చెబుతారు? 2011లో టెన్నిస్ క్రీడాకారిణి వీనస్ విలియమ్స్ అమెరికా ఓపెన్ మధ్యలో తప్పుకుని తనకు షోగ్రెన్స్ ఉందని ప్రకటించారు. ప్రపంచమంతా డాక్టర్లు అందుబాటులో ఉన్న మనిషికే జబ్బు పేరు తెలియడానికి ఏళ్లు పట్టింది.

ఆలస్యానికి మూల్యం పళ్లతోనే ఆగదు. ఈ రోగుల్లో నూటికి సుమారు అయిదుగురికి కాలక్రమంలో లింఫోమా అనే క్యాన్సర్ రావచ్చు. తరచూ అది చెవి ముందున్న లాలాజల గ్రంథిలోనే మొదలవుతుంది. వచ్చి పోయే వాపు పోకుండా గట్టిపడితే వెంటనే చూపించుకోవాలనేది ఇందుకే. ఇంకోటి తల్లులకు సంబంధించింది. ఈ జబ్బులో ఉండే 'యాంటీ ఆర్ఓ' ప్రతిరక్షకాలు మాయ దాటి కడుపులో బిడ్డకు చేరతాయి. అవి ఉన్న తల్లులకు పుట్టే బిడ్డల్లో నూటికి ఒకరిద్దరికి గుండె కొట్టుకునే వేగం ప్రమాదకరంగా తగ్గిపోతుంది. ముందే తెలిస్తే నాలుగో నెల నుంచే బిడ్డ గుండెను కనిపెట్టుకుని ఉండొచ్చు. తల్లికి నోరెండటం, బిడ్డకు గుండె ఆగబోవడం... రెంటికీ సంబంధముందని ఎవరనుకుంటారు?

ఏం చేయాలి?

మూడు నెలలకు పైగా రోజూ నోరు ఎండుతుంటే, పొడి తిండి నీళ్లు లేకుండా దిగకపోతే, కళ్లలో రోజూ ఇసుక పడ్డట్టుంటే డాక్టరును కలవాలి. ముందుగా షుగర్ చూస్తారు. వాడే మందుల చీటీ చూస్తారు. ఎందుకంటే జలుబు, అలర్జీ మాత్రలు, మానసిక వ్యాధుల మందులు, కొన్ని బీపీ మాత్రలు కూడా నోరెండేలా చేస్తాయి. అవేమీ కాకపోతే షోగ్రెన్స్ పరీక్షలు. కొన్ని చాలా సులువు. పదిహేను నిమిషాలు ఏమీ నమలకుండా నోట్లో ఊరింది గిన్నెలో పట్టాలి. ఒకటిన్నర మిల్లీలీటరు, అంటే టీచెంచాలో మూడో వంతు కూడా రాకపోతే గ్రంథి ఎండినట్టే. కంటికి చిన్న కాగితపు ముక్క పెట్టి అయిదు నిమిషాల్లో ఎంత తడిసిందో చూస్తారు. రక్తంలో ప్రతిరక్షకాలు వెతుకుతారు. అవసరమైతే కింది పెదవి లోపలి నుంచి బియ్యపుగింజంత చిన్న గ్రంథులు తీసి పరీక్షిస్తారు. దీనికి చూపించుకోవాల్సింది రుమటాలజిస్టుకి. హైదరాబాద్ నిమ్స్‌లో, వేలూరులో ఆ విభాగాలున్నాయి.

జబ్బును వేళ్లతో పెకలించే మందు లేదు. అయినా చేయగలిగింది చాలా ఉంది. మిగిలిన గ్రంథి చేత పనిచేయించే పైలోకార్పిన్ లాంటి మాత్రలున్నాయి. కీళ్లనొప్పులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తారు. కృత్రిమ కన్నీటి చుక్కలుంటాయి. పళ్లకు ఫ్లోరైడ్ పేస్టు వాడాలి. ఫ్లోరైడ్ పేరు చెబితేనే భయపడే జిల్లాలో ఇది వింతగా అనిపించొచ్చు. తాగే నీళ్లలో మోతాదు మించితే హాని చేసేదే, పంటి మీద పూసి ఉమ్మేస్తే పన్నును కాపాడుతుంది.

ఇంట్లో చేసుకోగలిగినవీ ఉన్నాయి. నీళ్లు గటగటా కాకుండా గుక్క గుక్కగా తాగడం, చక్కెర లేని చూయింగ్‌గమ్ నమలడం, పుల్లనివి, తియ్యనివి చప్పరించడం మానడం. నోరు తడుస్తుందని కొందరు ఆకూవక్క వేసుకుంటారు. అప్పటికి ఉపశమనమే, కానీ వక్క నోటి క్యాన్సర్‌కు దారితీస్తుంది. తియ్యటి టీ మాటిమాటికీ తాగినా అంతే, లాలాజలం లేని నోట్లో ఆ తీపి పళ్ల మీదే ఉండిపోతుంది.

ఇవన్నీ డాక్టరు చెప్పేవి. ఇంట్లోవాళ్లు చేయాల్సిన పని అంతకంటే చిన్నది, ముందుది. అమ్మ అన్నం తినేటప్పుడు ఎన్నిసార్లు నీళ్లు తాగుతోందో ఒక పూట గమనించడం. బొరుగులు ఎందుకు మానేసిందో, ఊరుబిండిలో కారం ఎందుకు తగ్గించిందో అడగడం. నాన్నకు చెవి కింద వాపు ఎన్నాళ్లనుంచి ఉందో అడగడం. వాళ్లు 'ఏం లేదులే, ఎండలు' అంటారు. అప్పుడు ఇంకో ప్రశ్న అడగాలి... 'మరి పోయిన వానాకాలంలో ఎలా ఉండింది?'